మేనకోడలి చెవిలో ఎలుగుబంటి

“ఇగ మా గడప తొక్కకు వదినా!”

“తొక్క పో! నువ్వు పిలిచిన్నాడే వస్త!”

నాకూ మా మరదలు సుజాతకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. అయినా ఆరు నెలలపాటు, చిక్కడపల్లిలో ఒకే కూరగాయల బండి దగ్గర నిలబడి, ఆమె వంకాయలతోనూ నేను బీరకాయలతోనూ మాట్లాడుకున్నాం. అంత ప్రళయం తెచ్చింది నా నోరే. వినండి.

తమ్ముడికి లేకలేక ఆడపిల్ల పుట్టింది. బంగారు బొమ్మే గానీ చెవుల మీద, భుజాల మీద, వీపు మీద ఒకటే నూగు. సుజాత రోజూ నలుగు పెట్టి పెట్టి ఏడ్చేది. ఆ ఇంట్లో ‘వెంట్రుక’ అన్న మాట ఎత్తితే అన్నం పుట్టేది కాదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల. పేరు పెట్టి, చెవిలో మూడుసార్లు చెప్పే హక్కు మేనత్తది. కానీ మా ఆయన పోయి రెండేళ్లు, ముత్తైదువలు నసిగారు. సుజాతే లేచింది.

“మా వదిన చెప్తెనే నా బిడ్డకు పేరు!”

నా ఛాతీ గోల్కొండంత అయింది. ఆ పొంగులో, నారాయణగూడ ఆస్పత్రిలో పిల్లను మొదట ఎత్తుకున్న నర్సమ్మ పేరు ఊదేశాను: “ఉర్సులా, ఉర్సులా, ఉర్సులా!”

“గిదేం పేరు? అర్థమేంది?” అంది సుజాత తల్లి.

“నర్సమ్మ పేరు. మంచి అర్థమే ఉంటది తియ్యి!”

నా ఖర్మ! పైవాటాలో కిరాయికుండే అమ్మాయి అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుకు కోచింగ్ తీసుకుంటోంది. ప్రశ్న వినబడితే జవాబు చెప్పకుండా ఉండలేని జబ్బు ఆమెది.

“ఆంటీ, అది లాటిన్ భాషది. ‘ఉర్సా’ అంటే ఆడ ఎలుగుబంటి. ఉర్సులా అంటే బుజ్జి ఆడ ఎలుగుబంటి!”

తొట్టెల పాట ఆగింది. అందరి కళ్లూ ఆ వీపు మీదికే వెళ్లాయి. లోకం కొండను తవ్వి ఎలుకను పడుతుంది. నేను లాటిన్ కొండ తవ్వి ఎలుగుబంటినే పట్టాను.

“నా బిడ్డ వీపు జూసే పెట్టినవు గదా?”

“నీ మీద ఒట్టు సుజాతా, నాకు తెల్వదు! ఇంకో పేరు పెడ్దాం!”

“చెవిల పడ్డ పేరు వాపస్ వస్తదా?”

రాదు. పంతులుగారూ రాదన్నారు. ఆ తర్వాతే మొదట చెప్పిన ఆ రెండు మాటలూ.

నాకు పిల్లల్లేరు. ఎత్తుకోవడానికి ఉన్న ఒక్క పిల్లా గోడ అవతల ఏడిస్తే, ఇవతల నేనూ ఏడ్చాను.

నూగు మూడో నెలకే రాలిపోయిందట. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం గోడ మీదినుంచి కేక.

“వదినా! నీ ఎలుగుబంటికి రెండు పండ్లొచ్చినయ్, నా ముక్కు కొరికింది! దీన్ని పట్టుడు నాతోని కాదు, వచ్చి ఎత్తుకో!”

చెప్పులు కూడా మరిచి పరిగెత్తాను.

అందుకే ఆ గోడ సాక్షిగా ఒట్టు: అర్థం అడగకుండా ఇక ఏ పిల్ల చెవిలోనూ నోరు పెట్టను. చెవిలో ఊదనేల, చెంపలు వాయించుకోనేల!

నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇదంతా రాసిపెడుతున్నది ఆ ఎలుగుబంటే.

“ఉర్సులా, నవ్వింది చాలు బిడ్డా. జర మొదటికెళ్లి సదువు. వీపు సంగతి గిట్ల కొట్టేసినవా ఏంది? నేను వింటున్న.”