గడ్డిమోపులతో తిరిగొచ్చిన పడవ

ఈ ఉదయం కొత్తపేటలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎండుగడ్డి వేసుకున్న ట్రాక్టరొకటి పక్క నుంచి వెళ్ళింది. వానకి తడిసిన గడ్డి. ఆ వాసన ముఖానికి తగిలిందో లేదో, ట్రాక్టరు వెనకే నాలుగడుగులు వేశాను. ఇన్నేళ్ళయినా ఆ వాసన వస్తే చాలు, వరద గోదావరి మీద రామలక్ష్మి గారి పక్కన నిలబడినట్టే ఉంటుంది.

ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆవిడతో నడవాలంటే మనం సగం పరుగెత్తాలి. రిటైరైన ఏడాదే ఇంటి ముందు గదిలో మంచాలు, చక్రాల కుర్చీలు, చేతికర్రలు పోగుచేశారు. అవసరమైన వాళ్ళు పట్టుకెళ్ళి, తగ్గాక తెచ్చి ఇవ్వాలి. ఊరంతా దాన్ని 'సిస్టరు గారి గది' అనేది. నేనప్పుడు హైస్కూల్లో కొత్తగా చేరిన టీచర్ని. మా నాన్నగారికి కాలు విరిగితే అక్కడి నుంచే కుర్చీ తెచ్చుకున్నాం. తిరిగి ఇవ్వడానికి వెళ్తే, "కూర్చోండి టీచరు గారూ. ఈ కుర్చీతో మీ నాన్నగారు ఏం ఇబ్బంది పడ్డారో చెప్పండి" అన్నారు. చాలా బాగుందండీ అన్నాను మర్యాదకి. "బాగుందన్న మాట నాకెందుకండీ? ఇబ్బంది చెప్పండి." గడప దాటించలేకపోయామని ఒప్పుకున్నాను. మర్నాటికల్లా వడ్రంగి చేత గడప మీద వాలుగా వేసుకునే బల్లలు రెండు చేయించారు! ఇక ఆవిణ్ణి వదిలితే ఒట్టు.

ఆ శ్రావణంలో గోదావరి పొంగింది. కపిలేశ్వరపురం వైపు, ఏటి నడుమ ఓ లంకలో కొన్ని కుటుంబాలు ఇళ్ళు వదిలి రానంటున్నాయని తెలిసింది. మా టీచర్లందరం కలిసి పులిహోర పొట్లాలు కట్టాం. వాటితో రామలక్ష్మి గారి వెంట పడవెక్కాను. ఎర్రటి నీళ్ళలో అరటిచెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. నాకు ఈత రాదు. అయినా, ఏదో ఘనకార్యానికి వెళ్తున్నానన్న సంబరంలో భయం కూడా గుర్తుకు రాలేదు.

లంకలో నీళ్ళు పాకల అరుగులు తాకుతున్నాయి. నాగమణి అనే అమ్మాయి, నిండు నెలల గర్భిణి, మోకాటిలోతు నీళ్ళలో గేదెల పలుపులు పట్టుకుని నిలబడి ఉంది. పొట్లం ఇచ్చాను, తీసుకోలేదు. పడవెక్కమని బతిమాలాను, మొహం తిప్పుకుంది. రామలక్ష్మి గారు చీర ఎగదోపి నీళ్ళలోకి దిగారు.

"నీకేం కావాలమ్మా?" అని అడిగి, ఊరుకున్నారు.

నాగమణి ఓ గేదె మెడ నిమురుతూ ఉండిపోయింది. చివరికి ఆ పిల్లే అంది: "గట్టు మీదకొస్తే మాకు మీరెడతారండీ. ఇయ్యేం తింటాయండీ? రెండ్రోజుల్నించి మేత లేదండీ. ఈటినొదిలేసి నేను రానండీ."

"గడ్డి తెస్తే ఎక్కుతావా?"

"ఆయ్. ముందు ఇయ్యెక్కాలండీ."

ఆవిడ అప్పటికప్పుడు పడవ తిప్పించారు. ఏటిగట్టు మీద నిలబడి, "పొట్లాలు చాలండీ! గడ్డి కావాలి, గడ్డి!" అని గొంతెత్తి అరిచారు. వినడమే ఆలస్యం, రైతులు ఇళ్ళకి పరుగెత్తారు. గంట తిరక్కుండా గట్టు మీద ట్రాక్టర్లు బారులు తీరాయి. రెండు పడవలు జతకట్టి, పైన బల్లలు పరిచి పంటు తయారుచేశారు. గడ్డి చూపిస్తే గేదెలు ఒక్కొక్కటే ఎక్కాయి. వాటి వెనకే మనుషులూ ఎక్కారు. ఎంత బతిమాలినా జరగని పని మోపెడు గడ్డి చేసింది!

ఆఖరి పంటులో నాగమణి వచ్చింది. నడి గోదావరిలో నొప్పులు మొదలయ్యాయి. నేను వెనక్కి జరిగాను. "టీచరు గారూ, ఆ పిల్ల చెయ్యి పట్టుకోండి. భయపడ్డం తర్వాత చూసుకుందురుగాని" అన్నారు రామలక్ష్మి గారు. పట్టుకున్నాను. పంటు గట్టుకి చేరేసరికి, ఆవిడ ముందే రప్పించిన అంబులెన్సు సిద్ధంగా ఉంది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. గట్టు మీద మేమంతా పండగలా కేకలు వేశాం!

ఆ ఏడాదే ఏటిగట్టు మీద వరదల కోసం గడ్డి నిల్వచేసే సంఘం మొదలైంది. మరుసటి వేసవిలో లంక ఆడపిల్లలకి ఈత నేర్పే శిక్షణ పెట్టారు. అందులో చేరిన మొదటి శిష్యురాలు ముప్ఫై దాటిన నేనే.

రామలక్ష్మి గారు పోయి ఏడాదయింది. ఆవిడ పెట్టినవన్నీ నడుస్తున్నాయి. పోయిన వారం మా సంఘం కుర్రకారు సముద్రపు ఒడ్డున ఓ మత్స్యకారుల పల్లెలో దుప్పట్లు పంచుతామంటే, ముందు వెళ్ళి అడుగుదాం రమ్మన్నాను. అడగడం నేను తొందరగానే నేర్చుకున్నాను. అడిగాక నోరు మూసుకోవడానికే ఏళ్ళు పట్టింది. ఓ ముసలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "దుప్పట్లున్నాయండీ" అని ఆగిపోయింది. మా కుర్రాడొకడు ఏదో అనబోతే వద్దని సైగ చేశాను. కాసేపటికి ఆవిడే నోరు విప్పింది. "ఇసకలో ఎండేసిన చేపలు ఎవరూ కొనట్లేదండీ. ఎండేసుకోడానికి ఓ అరుగుంటేనా..."

ఆవిడ చెప్పుకుపోతోంది. నేను అక్కడే ఇసుకలో, ఆవిడ ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నాను.