రెండు చిన్న సీట్ల నడుమ

ఆ ఏడు వినాయక చవితి అయ్యాక జర్మనీలోని ఉంటర్‌ఫ్యోరింగ్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఫోన్లలో ఒక మాట ఇల్లిల్లూ తిరిగింది. హోటల్లో వంట చేసే కనకయ్యకు కరోనా వస్తే మొగుడూ పెళ్లాలు గుట్టుగా దాచారట. అతని పెళ్లాం మంగ ఆ చేతులతోనే వచ్చి భానుప్రియ ఇంట్లో ఉండ్రాళ్లు చుట్టిందట. పూజకు పోయిన నాలుగిళ్లవాళ్లూ అందుకే మంచాలెక్కారట. హోటల్ తలుపుకు తాళం పడటం కళ్లారా చూసినవాళ్లున్నారు. ఇంకేం సాక్ష్యం కావాలి?

మంగది నల్గొండ పక్క పల్లె. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లికి కాలూ చెయ్యీ పడిపోతే, బడి మానేసి ఇద్దరు తమ్ముళ్లను సాకింది. నలుగురు కూర్చున్నచోట ఆమెకు గొంతు పెగలదు. చూపు మాత్రం ఊరుకోదు. ఎవరి ముఖం ఏ మాటకు మారింది, ఏ పిల్ల ముద్ద బుగ్గన పెట్టుకుని మింగకుండా తిరుగుతోంది, అన్నీ కనిపెడుతూనే ఉంటుంది. పెళ్లయి కనకయ్య వెంట జర్మనీ వచ్చాక హోటల్ పైన ఒక్క గదిలో కాపురం పెట్టింది.

కరోనా మొదలై పసిపిల్లల బడులు మూతపడ్డప్పుడు భానుప్రియ ఆమెను పిలిపించుకుంది. భానుప్రియ, ఆమె భర్త విక్రాంత్ ఇద్దరూ ఐటీ ఉద్యోగులే. పొద్దస్తమానం చెరో గదిలో తలుపేసుకుని మీటింగులు. ఐదేళ్ల రుచిత, మూడేళ్ల అఖిల్ మంగ చేతికొచ్చారు. ఆ పని ఏ కాగితం మీదా లేదు. "మనలో మనకి కాగితాలేంటి మంగా, నువ్వు మా ఇంటి పిల్లవి" అంది భానుప్రియ. ఇంటిపిల్ల అన్నం మాత్రం అందరూ తిని లేచాక వంటింట్లో తినేది.

ఆగస్టులో ఆ ఇంటివాళ్లు కారేసుకుని క్రొయేషియా సముద్రతీరానికి పోయారు. "నువ్వు లేకపోతే పిల్లలు తినరే" అని మంగను కూడా ఎక్కించుకున్నారు. మంగ సముద్రాన్ని చూడటం అదే మొదలు. గొడుగు కింద సంచులకు కాపలా కూర్చుని చూసింది.

ఈ ప్రయాణం సంగతి ఎవరికీ తెలియకూడదన్నారు. పిల్లల కోసం ఆ ఇంట్లోనే ఉండిపోతున్నానని కనకయ్యతో కూడా చెప్పింది మంగ. విక్రాంత్‌ది కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్ దాటలేదు. ఇక్కడే చెరువుల పక్కన సెలవు గడుపుతున్నానని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఊళ్లోని తెలుగువాళ్లందరిలోకీ పెద్దావిడ హైమావతిగారైతే, ఈ రోజుల్లో ఊళ్లు తిరిగేవాళ్లను గడపలోకి రానివ్వొద్దని ఫోన్ గ్రూపులో రోజూ పాఠం చెబుతోంది. ఆవిడ కూడా చవితి పూజకు వస్తోంది. నాలుగిళ్లను పిలిచి కూర్చుంది భానుప్రియ.

వాళ్లు అక్కడుండగానే, ఆ తీరం నుంచి వచ్చేవాళ్లు పరీక్ష చేయించుకుని, ఫలితం వచ్చేదాకా ఇల్లు కదలొద్దని జర్మనీలో ఉత్తర్వు వచ్చింది. చవితికి ముందురోజు తెల్లవారి బయల్దేరదామని లేచేసరికి రుచితకు జ్వరం.

"ఏసీ పడలేదు దానికి" అన్నాడు విక్రాంత్.

జ్వరం మందు తాగించి పిల్లను సీట్లో కట్టేశారు. వెనక రెండు పిల్లల సీట్లు. వాటి నడుమ ఇరుకులో ఒదిగి మంగ. స్లొవేనియా పోయింది, ఆస్ట్రియా కొండలు పోయాయి. మధ్యలో ఒకచోట కారాపి మళ్లీ మందు పోశారు. మంగ చెయ్యి దారి పొడుగునా రుచిత పాదం మీదే ఉంది. ఆ పాదం పెనం మీది రొట్టెలా ఉంది.

ఆస్ట్రియా అంచున ఉన్న సాల్జ్‌బర్గ్ దాటాక జర్మనీ సరిహద్దు దగ్గర కార్లు బారులు తీరాయి. మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్కన తెల్లటి డేరాలు వేసి పరీక్షలు చేస్తున్నారు.

భానుప్రియ వెనక్కి తిరిగింది. "లేచిందా?"

"లేదక్కా. ఒళ్లు కాలుతున్నది."

"పడుకోనీ. కదిలించకు."

మంగ డేరాల వైపు చూసింది. "అక్కా, గా డేరాల కాడ ఆపి చూపిస్తే గాదా?"

అద్దంలోంచి చూశాడు విక్రాంత్. "చూపిస్తే? రిజల్ట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోమంటారు. రేపు నాలుగిళ్లవాళ్లకి నువ్వు చెప్తావా? మా మేనేజర్‌కి నువ్వు చెప్తావా?"

"పోనీలెండి, దానికేం తెలుసు" అని భానుప్రియ గాలితో ఉబ్బిన ఈత చక్రాన్ని నొక్కి కాళ్ల కింద తోసేసింది. అఖిల్ కాళ్ల దగ్గర ఇసుక అంటిన చిన్న బకెట్ ఉంది. మంగ చున్నీ తీసి దాని మీద కప్పింది. ఆ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పోలీసతను మాస్కుతో వంగి, ఎక్కణ్నుంచని అడిగాడు. సాల్జ్‌బర్గే, పొద్దున పోయి వస్తున్నాం అన్నాడు విక్రాంత్. వెనక ఎవరంటే, చెల్లెలన్నాడు. మంగకు ఆ జర్మన్ మాట తెలుసు. వాళ్లకు ఆమె చెల్లెలైంది ఆ ఒక్క పూటే.

అప్పుడే రుచిత కళ్లు సగం తెరిచి "హైస్" అంది. వేడి, అని. "ఏసీ సరిగా లేదు" అని విక్రాంత్ నవ్వుతూ చెప్పాడు. పోలీసతను పిల్లల్ని చూశాడు. అతనికీ ఇంట్లో ఆ ఈడు పిల్లలున్నారేమో, వీళ్లు లేస్తారని గొంతు తగ్గించి, చేత్తోనే పొమ్మని సైగ చేశాడు. ఆ మంచితనాన్ని ఆసరా చేసుకుని కారు జర్మనీలోకి వచ్చింది.

ఆ రాత్రి మంగను అక్కడే ఉంచేసుకున్నారు, పొద్దున వంటకు మనిషి కావాలి కదా. పూజ వేళకు మందు పనిచేసి రుచిత లేచి తిరిగింది. వచ్చినవాళ్లు ఎత్తుకుని ముద్దులాడారు. మంగ ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకుని వంటింట్లోంచి కదల్లేదు.

"ఏమ్మా మంగా, ఆ గుడ్డేంటి మూతికి? మాకేమన్నా రోగాలున్నాయా?" అంది హైమావతిగారు. అందరూ నవ్వారు. మంగ చట్నీ గిన్నె వైపు తిరిగింది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో అప్పటికి ఆమెకు తెలియలేదు.

సాయంత్రం ఇంటికి పోయి, బయట చేరానని కనకయ్యతో అబద్ధమాడి, మెట్ల పక్క సామాన్ల గదిలో చాప వేసుకుంది.

"జర్మనీల గూడ గీ పట్టింపులేందే" అని అతను నవ్వి, అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి పోయాడు.

మూడు నాలుగు రోజుల్లో మంగకు జ్వరం వచ్చింది. పూజకు వచ్చిన ఇళ్లలోనూ ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. హైమావతిగారి భర్తను ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రిలో ఉంచారు. ఆరోగ్యశాఖవాళ్లు అందరికీ ఫోన్లు చేస్తున్నారు. వాళ్లకంటే ముందు భానుప్రియ ఫోన్ వచ్చింది.

"ఎక్కడికీ పోలేదని చెప్పు మంగా. కాగితాల్లేకుండా పనిచేస్తున్నావని నీ సంగతి కూడా బయటికొస్తుంది. ఆలోచించుకో."

మంగ ఆలోచించుకుంది. హిందీ తెలిసిన ఒకామెను మధ్యలో పెట్టి ఆరోగ్యశాఖ ఆఫీసువాళ్లు అడిగితే, ఎక్కడికీ పోలేదంది. ఒకే ఇంట్లో ఉన్నందుకు కనకయ్యను కూడా గది దాటొద్దన్నారు. వంట మనిషి లేక యజమాని గోవిందరాజులు హోటల్‌కు తాళం వేశాడు.

తాళం హైమావతిగారి కళ్లబడింది. భానుప్రియకు ఫోన్ చేసింది. "ఎక్కడ తగులుకుందంటావే మనకిది?"

"ఏమో పిన్నిగారూ. హోటలన్నాక రోజూ ఎంతమంది వస్తారు, ఎంతమంది పోతారు" అంది భానుప్రియ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

మిగతాది హైమావతిగారు చూసుకుంది. "మూతికి గుడ్డ కట్టుకునే వచ్చింది చూశారా? అక్షింతలు వేసుకుందువు రావే అంటే కూడా వంటింట్లోంచి రాలేదు. తెలిసే దాక్కుంది."

హోటల్ తెరిచాక పార్సిళ్లు అడిగేవాళ్లు లేరు. గోవిందరాజులు కనకయ్యను పక్కకు పిలిచాడు. "నాకు నీ మీద ఏమీ లేదు కనకయ్యా. ఫోన్లు వస్తుండాయి. ఆ వంటాయన ఉంటే మేం తినం అంటుండారు. నెలాఖరుకు చూసుకో."

కనకయ్య వీసా ఆ హోటల్ పేరు మీదే ఉంది. ఉన్న గది కూడా హోటల్‌దే. మంగ ఆ మధ్యాహ్నమే భానుప్రియ ఇంటికి పోయింది. భానుప్రియ వీధి తలుపు తియ్యలేదు. కింది అంతస్తు అద్దాల తలుపును ఒక జానెడు జరిపి నిలబడింది.

"అక్కా, హైమావతమ్మకు ఒక్క మాట చెప్పరాదే. మా ఆయనతోని రాలేదని."

"చెప్తే మరి ఎక్కణ్నుంచి వచ్చిందని అడగదా? ఆయన ఉద్యోగం పోతే మేమంతా సర్దుకుని పోవాల్సిందే. మీ ఆయనకేం, వంటవాళ్లకి ఇక్కడ ఎప్పుడూ పనే."

"వీసా గా హోటల్ మీదనే ఉన్నదక్కా."

లోపలినుంచి రుచిత పరిగెత్తుకొచ్చి అద్దానికి ముక్కు ఆనించి, మళ్లీ సముద్రం దగ్గరికి ఎప్పుడు పోతామని జర్మన్‌లో మంగను అడిగింది. భానుప్రియ తలుపు మూసి తెర లాగేసింది.

మంగ తిరిగొచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనంతట తానే ఒక మగమనిషి ఎదుట నిలబడి మాట్లాడింది. సముద్రం, రుచిత జ్వరం, సరిహద్దు, చున్నీ కింద బకెట్, అన్నీ గోవిందరాజులుకు చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"అయితే ఊరు తిరిగొచ్చింది నువ్వు. ఆఫీసోళ్లకు అబద్ధం చెప్పింది నువ్వు. తెలిసి తెలిసి పిండి పిసికింది నువ్వు" అన్నాడు. "ఇంకోచోట ఈ మాట అనబాకమ్మా. మీ ఆయనకు ఎక్కడా పని దొరకదు."

కనకయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు. మెట్లెక్కుతూ, "నాకొక్కనికన్న జెప్పకపోతివి" అన్నాడు. ఆ తర్వాత నెలాఖరుదాకా ఆమెతో మాట్లాడలేదు.

స్టుట్‌గార్ట్‌లో ఒక హోటలాయన తీసుకుంటానన్నాడు. ప్రభుత్వం కొత్త అనుమతి ఇచ్చేదాకా పొయ్యి ముట్టుకోకూడదు. తెలిసినవాళ్లింట్లో ఒక మూల సర్దుకున్నారు. భానుప్రియవాళ్లు మరుసటేడు చవితి కూడా చేశారు. హైమావతిగారు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. మంగ మీద పుట్టిన ఆ పుకారు మాత్రం స్టుట్‌గార్ట్‌కు ఆమె కంటే ముందే చేరింది. అక్కడి ఆడవాళ్లు ఆమె ఇచ్చిన పళ్లెం అందుకుని పక్కన పెట్టేవాళ్లు. ఎవరు చెప్పినా కథ ఒక్కలాగే మొదలయ్యేది, కనకయ్యకు జ్వరం రావడంతో.

గది దాటొద్దన్న రోజుల్లో కనకయ్యకు రెండుసార్లు పరీక్ష చేశారు. రెండుసార్లూ ఏమీ లేదనే వచ్చింది. ఆ జ్వరం అతనికి రానే లేదు.