రెండు రేడియోలు, ఒక చిటచిట

మా అత్తగారి వాల్వుల రేడియో ఇప్పటికీ మా ముందుగదిలోనే ఉంది. ఆమె పోయాక కూడా పొద్దున ఏడింటికి దాన్ని పెట్టడం నేను మానలేదు. షార్ట్‌వేవ్‌లో ఎక్కడో దూరదేశం నుంచి అరగంటసేపు తెలుగులో క్రైస్తవ పాటలు, బైబిలు వాక్యం వస్తాయి. పోయినేడు నేను బడి నుంచి రిటైరవుతుంటే, ఏం కావాలని తోటి టీచర్లు అడిగారు. చీర వద్దు, రేడియో ఇప్పించండి అన్నాను. అరచేతిలో పట్టే కొత్త డిజిటల్ రేడియో తెప్పించారు. ఆ వారమంతా నాకు పండగే. పాతదానికి అందని స్టేషన్లు కూడా అందులో పలికేవి.

తర్వాత ఒకరోజు రెండూ ఒక్కసారే పాడయ్యాయి. కొత్తదానిలో హోరు, పాతదానిలో గరగర. పాట ఎక్కడో అడుగున ఉన్నట్టు వినిపించేది. నాలుగు రోజులు ఓపిక పట్టి, బోగోలులో రేడియోలు బాగుచేసే, మేమంతా అక్కా అని పిలిచే ఆమెకు ఫోన్ చేశాను. భర్త ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని రేడియో పని నేర్చుకుందామె. ఆయన పోయాక దుకాణం తనే నడుపుతోంది. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లే ఎక్కువ వస్తాయి. రేడియో అనేసరికి మరునాడే మొదటి బస్సుకు అల్లూరులో దిగి, ఆటో ఎక్కి మా ఊరొచ్చేసింది.

స్క్రూడ్రైవర్ తీస్తుందనుకున్నాను. తీయలేదు. రెండు రేడియోలూ పెట్టించి, కళ్లు మూసుకుని విన్నది.

"రెండూ ఒకేసారి చెడిపోవు టీచరమ్మా. చెడింది ఇంకేదో ఉండాది. మెయిన్ ఆపు."

ఆపాను. పాత రేడియో ఊరుకుంది. కొత్తది బ్యాటరీలది కాబట్టి పలుకుతూనే ఉంది. దానిలో హోరు సగానికి సగం తగ్గింది.

"సగం మీ ఇంట్లోదే" అన్నది. మళ్లీ మెయిన్ వేసి, సాకెట్ల నుంచి ఒక్కొక్కటే పీకించింది. ఫోన్ చార్జరు, టీవీ పెట్టె రెండే దోషులు. ఆ మధ్యే కొన్న చార్జరుతో నేను రోజూ రేడియో పక్కనే ఫోన్ చార్జింగుకు పెట్టేదాన్ని. సిగ్గేసింది.

మిగతా సగం మాత్రం బయటి నుంచే వస్తోంది. పాత రేడియో వేడెక్కేదాకా ఆగి, అక్క దాని దగ్గర చెవి పెట్టింది.

"కొత్తది ఒకటే హోరంటాది. గరుకంతా నున్నగా చేసి ఇస్తాదది. దీన్ని విను. చిటచిటమని, ఆగి ఆగి... యాడో కరెంటు నిప్పులు చిమ్ముతా ఉండాది టీచరమ్మా."

ఇన్ని రోజులుగా అదే గదిలో కూర్చుని నేను విననిది ఆమె అయిదు నిమిషాల్లో విన్నది.

పాతదాన్ని మోసుకుపోలేం. కొత్తదాని ఏరియల్ పుల్ల పూర్తిగా లాగి, చేత్తో పట్టుకుని బయల్దేరింది. వెనకాలే నేను. వీధివైపు నడిస్తే హోరు తగ్గింది. మా పెరటి వెనక రొయ్యల గుంటల కట్ట ఎక్కితే పెరిగింది. నాలుగో గుంట దగ్గర, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్టార్టర్ డబ్బా ముందు నిలబడేసరికి రేడియో చెవులు పగిలేలా అరిచింది.

గుంట రైతు మేత తొట్టి దించి వచ్చాడు.

"ఏందక్కా, గుంట కాడ పాటలా?"

"పాటలు కాదు నాయనా. ఈ డబ్బాకి కరెంటు తీసేసి, మూత తెరువు."

"బాగానే తిరగతా ఉండాయి కదక్కా."

"తిరగతానే ఉండాయి. ఒకసారి తెరువు."

అతను నావంక చూశాడు. వాళ్లమ్మాయి నా దగ్గర చదువుకున్నది. ఆ మొహమాటం కొద్దీ ఫ్యూజులు తీసి, మూత తెరిచాడు. కాలిన వాసన గుప్పుమన్నది. ఒక తీగ బిగింపు వదులై, చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగిపోయి ఉంది. ఉప్పుగాలికి దాని మరమేకు కూడా తుప్పు పట్టింది. అతను అక్కడే కట్టమీద చతికిలపడ్డాడు. ఏ తెల్లవారుజామునో అది ఊడి ఏరేటర్లు ఆగిపోతే, గాలందక రొయ్యలన్నీ పైకి తేలేవి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి రెండు వారాలే ఉంది.

"నువ్వు దేవతలా వచ్చినావక్కా" అన్నాడు.

"ముందు లేచి ఎలక్ట్రీషియన్‌ని పిలువు" అన్నదామె.

గంటలో కొత్త డబ్బా బిగించారు. ఇంటికొచ్చి, ఏ రేడియో మేలో చూద్దామని మేం పోటీ పెట్టాం. గోడనుంచి గోడకు కట్టిన, సన్నటి రాగితీగ అల్లిక పట్టీలా ఉండే పాత ఏరియల్ జాలీకి రెండు రేడియోలనూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించాం. కొత్తది అంత పెద్ద ఏరియల్‌కు తట్టుకోలేదు. ఒక స్టేషను మీద ఇంకో స్టేషను పడి, ఏమీ లేనిచోట కూడా ఈల వేసింది. పాతది తొణక్కుండా ఒక్కటే స్టేషను పట్టుకుని, గొంతు నిండుగా వినిపించింది. జాలీ తీసేస్తే పాతది మూగబోయింది. కొత్తదేమో తన పుల్లతోనే, మాకు తెలియని భాషలో ఒక ఆడమనిషి మాటలను సన్నగా పట్టుకొచ్చింది. ఆ స్టేషనును పాతదానిలో ఎంత వెతికినా దొరకలేదు.

"ఏది మంచిదక్కా?" అన్నాను.

"ఈరోజు ఏదొకటే ఉంటే ఆ డబ్బా దొరికేదా?" అని నవ్వింది.

ఈలోగా రైతు భార్య గిన్నెనిండా రొయ్యలు తెచ్చింది. వద్దన్నా వినలేదు. వంటింట్లో కూర్చుని అక్కే వలిచింది, నేను చింతచిగురు వేసి వండాను. అన్నం ముందు మా ఇంట్లో ప్రార్థన చేయడం అలవాటు. అక్కది వేరే దేవుడు. అయినా నేను కళ్లు మూసుకోగానే కంచం మీద చెయ్యి ఆపి కూర్చుంది. కొత్త రేడియో ఇచ్చిన తోటివాళ్ల కోసం, పాతది వదిలిపెట్టిపోయిన అత్తగారి కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పాను. అక్క దగ్గరికి వచ్చేసరికి, ఈమె చెవుల కోసం, అని మాత్రం అనగలిగాను.

కళ్లు తెరిచేసరికి ఆమె తల వంచుకుని ఉంది. పైట కొంగుతో ముక్కు తుడుచుకుని, "పులుపు బాగా కుదిరినట్టుండాది, వడ్డించు" అన్నది.