జహ్రాన్ మామ కుచ్చుకు అత్తరు

మా జహ్రాన్ మామకు అరవై రెండేళ్ళు వచ్చేదాకా అత్తరు ఎలా ఎంచుకోవాలో తెలియదు. మా ఊరు నిజ్వాలో, శుక్రవారం సంతలో మేకల్ని తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ధర అరిచే దళారీల్లో ఆయన గొంతే పెద్దది. నోరు తెరిచి పళ్ళు చూడకుండానే మేక వయసు చెబుతాడు. కొనడానికి వచ్చినవాడి నడక చూసి వాడు కొంటాడో, ఊరికే కాలక్షేపానికి వచ్చాడో చెబుతాడు. అంతటివాడికి తన చొక్కా మెడ దగ్గర వేలాడే దారాల కుచ్చులో ఏ వాసన ఉందో మాత్రం తెలియదు.

ఆ సంగతంతా రయ్యా అత్తది. మామ దిష్దాషా, అంటే ఆ కాళ్ళదాకా ఉండే చొక్కా, ఇస్త్రీ చేసి, మెడ దగ్గరి కుచ్చును చిన్న సీసాలో ముంచి, రెండు వేళ్ళతో పిండి, కొక్కేనికి తగిలించేది. ముప్పై ఎనిమిదేళ్ళు మామ చేసిందల్లా అందులో తల దూర్చడమే.

పోయిన ఏడు అత్త కన్నుమూసింది. సీసాలో మిగిలిన అత్తరును మామ ముందు రోజూ వాడాడు, తర్వాత శుక్రవారాలకే, ఆ తర్వాత అగ్గిపుల్లకు దూది చుట్టి అడుగున గీరి గీరి వాడాడు. అది కూడా అయిపోయాక సంతకు వెళ్ళేవాడు గానీ సబ్లాకు వెళ్ళడం మానేశాడు. సబ్లా అంటే మా వాడ మగవాళ్ళంతా చేరి యాలకుల కాఫీ తాగుతూ, రానివాళ్ళ గురించి వచ్చినవాళ్ళు మాట్లాడుకునే పెద్ద గది. మామ రాకపోయేసరికి కొన్ని వారాల పాటు అందులో మాట్లాడుకోవడానికి మామే దొరికాడు.

“నలభై ఏళ్ళు మేకల్ని మోసిన ఒళ్ళురా ఇది. ఉత్త కుచ్చుతో పోయి మనుషుల మధ్య ఎట్లా కూర్చోమంటావ్?” అన్నాడు నాతో.

“మేకలేమీ అనట్లేదుగా మామా.”

“అవి సొంతవాళ్ళు.”

పెద్ద ఈద్ పన్నెండు రోజుల్లో ఉంది. ఈద్ పొద్దున సబ్లాలో పై వరసలో కూర్చుని, వచ్చినవాళ్ళ పలకరింపులు అందుకోవాల్సింది మా వంశంలో మామే. ఈసారి రానని కబురు పంపాడు. మా అమ్మ ఆ కబురు విని పొయ్యి కట్టేసి కూర్చుంది.

“ఈద్‌కి కూడా తలుపేసుకున్నాడంటే వాడిక ఎప్పటికీ బయటికి రాడు. ఏదో ఒకటి చెయ్యి హారిబ్. ఊరందరినీ ఏడిపించే తెలివి ఉందిగా, ఒక్కసారి పనికొచ్చేదానికి వాడు” అంది.

వాడాను. అత్త సీసాలాంటిదే ఇంకో ఖాళీ సీసా తెచ్చి, అగరు అత్తరు కొంచెం, పన్నీరు కొంచెం, మా అన్న పెళ్ళినాటి ఫ్రెంచి సెంటు కొంచెం, రంగు సరిపోలేదని కాస్త తేనె కూడా కలిపి, మామ ఇంట్లో లేనప్పుడు ఆయన అల్మరా వెనక పెట్టేశాను. అక్కడ అత్తది ఇంకో సీసా దొరికిందని మామకు చెప్పాను. అబద్ధం చెప్పేటప్పుడు నా మొహం మహా అమాయకంగా ఉంటుంది. దాని మీద ఎంత సాధన చేశానో దేవుడికే తెలుసు.

మామ కుచ్చు ముంచుకుని సంతకు వచ్చాడు. మూడో చుట్టు తిరిగేలోపు ఒక మేకపోతు పైకి ఎగిరి ఆ కుచ్చును నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. తేనె మహిమ. ఇద్దరు మనుషులు పట్టుకుని లాగితే గానీ వదల్లేదు. సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. మామ ఒక్కడే నవ్వలేదు. తడిసిన కుచ్చును ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడి, నా వైపు వచ్చాడు. తిడతాడనుకున్నాను.

“ఇందులో మీ అత్త లేదురా” అన్నాడు. అంతే. తాడు నా చేతికిచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు.

నాలుగు తన్నినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే నా పికప్ బండి ఆయన గుమ్మానికి అడ్డంగా ఆపి, ఎక్కేదాకా హారన్ కొట్టాను. పక్కింటివాళ్ళ తిట్లు భరించలేక ఎక్కాడు. అత్తర్లు కలిపే షంసా అవ్వ దుకాణానికి తీసుకెళ్ళాను.

పాత బజారులో అవ్వ దుకాణం ఇద్దరు పట్టేంత ఉంటుంది, అందులో ఒకరు అవ్వే. సీసాల మీద ఒక్క చీటీ ఉండదు. ఏది ఏమిటో ఆమె ముక్కుకే తెలుసు. రయ్యా అత్త కొన్నదంతా ఇక్కడే.

మామ గుమ్మంలోనే నిలబడి, “షంసా అక్కా, రయ్యా తీసుకెళ్ళేది ఒక సీసా ఇవ్వు, పోతాను” అన్నాడు.

“ఏ ఏడుది?” అంది అవ్వ.

“ఏ ఏడుదేమిటి? రోజూ నాకు పూసేది.”

“పెళ్ళైన కొత్తల్లోదా? నువ్వు పొగాకు మానేసిన ఏడుదా? షుగరొచ్చి మాత్రలు మొదలుపెట్టినప్పటిదా? ఏది కావాలో సరిగ్గా చెప్పు జహ్రాన్, మేకను అడిగినట్టు అడక్కు.”

మామ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

“ముప్పై ఎనిమిదేళ్ళూ ఒకటే వాసన అక్కా” అన్నాడు. “నాకు తెలియదా?”

“నీకేం తెలుసు. ఏడాదికోసారి నువ్వు విడిచిన చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని ఇక్కడికి వచ్చేది మీ ఆవిడ. ఉతక్కుండా తెచ్చేది. ఇద్దరం దాని మెడ పట్టీ వాసన చూసి, ఈ ఏడు ఈ మనిషికి ఏది పడుతుందా అని కూర్చుని కలిపేవాళ్ళం. ఒకసారి గులాబీ తగ్గించాం, ఒకసారి కస్తూరి పూర్తిగా తీసేశాం. ఒంటితో పాటు అత్తరూ మారింది. మారలేదని నువ్వు అనుకున్నావంటే మేం బాగా కలిపినట్టే.”

మామ అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ నాతో మాట్లాడని మనిషి, ఇప్పుడు చెయ్యి చాపి గుమ్మంలో ఉన్న నా మోకాలు పట్టుకున్నాడు.

“పోయినసారి కలిపిందే కలిపి ఇవ్వగలను” అంది అవ్వ. “కానీ అది రెండేళ్ళ కిందటి జహ్రాన్‌ది. ఇప్పుడు చొక్కా తెచ్చే మనిషి లేదు. నువ్వే రావాలి.”

“నాకు ఎంచుకోవడం రాదక్కా.”

“ఎవరికొచ్చు? చెయ్యి ఇటివ్వు.”

మామ మణికట్టు మీద గాజుపుల్లతో ఒకే ఒక్క చుక్క పెట్టింది. మామ వెంటనే రెండు మణికట్లూ కలిపి రుద్దబోతే ఆ చేతి మీద ఒక్కటి వేసింది. “రుద్దకు. అది నీతో మాట్లాడేలోపే గొంతు పిసికేస్తావేం? పో. పని చూసుకో. మధ్యాహ్నం ఒకసారి, సూర్యుడు దిగేముందు ఒకసారి వాసన చూడు. పొద్దుటి వాసన నన్ను మెచ్చుకోవడానికి, సాయంత్రానిదే నీది. ముక్కు మొద్దుబారితే నీ మోచేతి మడత వాసన చూసుకో, తేటపడుతుంది. రేపు ఇంకొకటి. రోజుకు ఒకటే.”

“నాకూ ఒక చుక్క అవ్వా” అన్నాను.

“నీకు ముందు సబ్బు కావాలి” అంది.

అలా మొదలైంది. మొదటిరోజు జబల్ అఖ్దర్ కొండ మీది గులాబీ. మామ మధ్యాహ్నానికే కొళాయి దగ్గర రుద్ది కడిగేశాడు, పెళ్ళికూతురి గదిలో ఇరుక్కుపోయినట్టుందన్నాడు. రెండో రోజు అగరు. దానికి తల బరువెక్కి, ఈద్ ముందు రోజూ సాగే సంతలో బేరం మధ్యలో ధర మర్చిపోయాడు. మూడో రోజు కస్తూరి. “స్నానం చేశానని అందరికీ చెప్పుకుంటున్నట్టుంది” అన్నాడు. నాలుగో రోజుది నచ్చినట్టే ఉంది గానీ సాయంత్రానికి పులిసిపోయింది. సంతలో, కాలువ గట్టు మీద, బండిలో, ఎక్కడంటే అక్కడ మోచేతి మడతలో ముక్కు పెట్టి గాలి పీలుస్తుంటే, జహ్రాన్‌కి మతి తప్పిందని సబ్లాలో కొత్త కబురు పుట్టింది. దాన్ని పుట్టించింది నేనే. మామను మర్చిపోతారేమోనని.

ఏడో రోజు అవ్వ సాంబ్రాణి నూనెలో ఎండు నిమ్మకాయ సారం కలిపిన చుక్క పెట్టింది. కూర వండినట్టుంది నీ అత్తరు అని నేను ఎగతాళి చేశాను. ఆ మధ్యాహ్నం మామ తోటలో ఖర్జూరపు చెట్లకు నీళ్ళు మళ్ళిస్తూ, మేకలకు వేసే లూసర్న్ గడ్డి కోస్తూ, నాతో దేని గురించో పోట్లాడుతూ ఉన్నాడు. అత్తరు మాటే ఎత్తలేదు. పొద్దు వాలుతుండగా గాలి తిరిగింది. మామ కొడవలి పట్టుకున్న చేత్తోనే ఆగిపోయి చుట్టూ చూశాడు.

“ఎవరొచ్చారు?” అన్నాడు.

“ఎవరూ రాలేదు.”

మణికట్టు ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆ గడ్డిలోనే కూర్చుండిపోయాడు. నేను ఆయన చేతిలోని కొడవలి తీసుకుని మిగిలిన గడ్డి కోశాను.

మర్నాడు అవ్వ అంతా విని, “మర్చిపోయావు, మర్చిపోయాక అదే వచ్చి పలకరించింది. ఇంకేం కావాలి?” అంది.

మామ సీసా వైపు చూస్తూ అడిగాడు. “రయ్యాకు నచ్చేదా అక్కా?”

“రయ్యా అయితే ఒక్క చుక్క కుంకుమపువ్వు వెయ్యమనేది. వెయ్యనా?”

మామ ఆలోచించాడు. మేక బేరంలో కూడా అంతసేపు ఆలోచించడు.

“వద్దులే. ఈ ఏడుకు ఇట్లా ఉండనీ. వచ్చే ఏడు వేద్దాం” అన్నాడు. ఆ తర్వాత అటు తిరిగి గోడకు చెబుతున్నట్టు, “ఉతకని చొక్కా మోసుకొచ్చేదన్నమాట. బజారంతా దాటుకుని” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడు కూడా.

నాకు ఆ పూట షంసా అవ్వకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు. తెలియనప్పుడు నేను వెధవపనే చేస్తాను కాబట్టి, ఆమె చూడకుండా దుకాణం ముందు హల్వా గిన్నె పెట్టి, తలుపు మీద దబదబా కొట్టి పరుగెత్తాను. “ఒరే హారిబ్, నీ పరుగు కూడా నాకు వాసనొస్తుంది” అని వెనక నుంచి వినబడింది.

ఈద్ పొద్దున మామ తనే దిష్దాషా ఇస్త్రీ చేసుకున్నాడు. జేబు దగ్గర కొంచెం కాల్చాడు కూడా. కుచ్చును సీసాలో ముంచి, రెండు వేళ్ళతో పిండి, తల దూర్చాడు. సబ్లాకు వెళ్తుంటే నాకన్నా ముందు నడిచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. లోపలివాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. మామ పై వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఒక్కొక్కరూ వచ్చి ఆయన మీదకు వంగి పలకరిస్తున్నారు. పక్కింటి ముసలాయన హమ్దాన్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, గట్టిగా గాలి పీల్చి, “ఇదెవరు కలిపారయ్యా?” అన్నాడు.

“నేనే” అన్నాడు మామ.

“నువ్వా? మేకలవాడివి, నువ్వు కలిపావా?”

“కలిపింది షంసా అక్క. ఏరుకుంది నేను. నేర్పింది మా ఆవిడ” అన్నాడు మామ, సంతలో అరిచే గొంతుతో. చివరి వరసలో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా లేచారు.

భోజనాల వేళ దగ్గరపడి ధూపం తిప్పారు. ధూపం పట్టాక ఎవరూ కూర్చోరు, ఇక లేవండి అని దాని అర్థం. ఒక్కొక్కరే గడ్డానికి పొగ పట్టించుకుని లేచి వెళ్ళిపోయారు. మామ లేవలేదు. హమ్దాన్‌కి మోచేతి మడత వాసన చూడటం ఎలాగో నేర్పుతున్నాడు. ధూపం రెండోసారి తిప్పారు. నాకు ఈద్‌కని గోతిలో పూడ్చి కాల్చిన మాంసం తప్ప వేరే ఆలోచన లేదు. మామ ఆ పొగను కూడా తీరిగ్గా గడ్డంలోకి తోసుకుని, ఖాళీ కాఫీ కప్పు నా వైపు చాపాడు.

“ఇంకొంచెం పొయ్యి” అన్నాడు.

పోశాను.