అక్క ముఖం మీది చుక్కలు

మా అక్కకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గానీ ముఖం నిండా గుంటలు మిగిలాయి. పెళ్లిచూపులకు వచ్చిన వాళ్లెవరూ మళ్లీ రాలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఉన్న మాట రాస్తున్నాను: ఆ గుంటల వల్ల ఆమెకు పెళ్లి కాలేదు, నాకు అన్నం దొరికింది.

ఆమె పోయిన ఏడాదికి సమాధి మీద రాయి నిలపాలి. రాతి మీద ముఖం చెక్కించాలనుకున్నాను. ఉన్నది ఒకటే ఫొటో, పింఛను కాగితాలకని గిద్దలూరులో తీయించిన నలుపు తెలుపుది. ఆ రోజు అక్క పైట ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫొటో తీసేవాడు మూడుసార్లు కసిరితే గానీ దించలేదు.

రాచర్ల నుంచి ఆటోలో ఆ ఫొటో పట్టుకుని గిద్దలూరు పోయాను. రాళ్ల మీద బొమ్మలు చెక్కే దుకాణం ఒక సాయిబుది. ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించాడు.

"ఇది జేపీజీ, పెద్దాయనా. మన మిషన్ తీసుకోదు. బీఎంపీ ఫైలు చెయ్యాల. మన మిషన్‌కు దాంట్లో నలుపు, తెలుపు రెండే ఉండాల. బూడిద రంగుండదు."

"ముఖమంతా బూడిద రంగే గదా, భాయ్?"

"చుక్కలుగా విడగొడతాది. దూరం నుంచి చూస్తే ముఖమే కనపడతాది. మళ్లా నల్లరాయి గదా, లేజరు కాల్చిన చోటల్లా తెల్లగా వస్తాది."

అది నాకు అర్థమైంది. మార్కాపురంలో ముప్పై ఏళ్లు పలకలు కోసినవాణ్ణి. నలుపు మీద తెలుపు నాకు కొత్త కాదు. యాభై దాటాక అక్షరాలు దిద్దిందీ పలక మీదే.

కాసేపటికి తెర నావైపు తిప్పాడు. నున్నటి ముఖం.

"ఎవురీమె?"

"మీ అక్కేగా!"

"మా అక్క గాదు. ఎవురో సినిమా ఆమెను తెచ్చి పెట్టినావు."

నవ్వాడు. "దుమ్ము చుక్కలు శానా ఉండె పెద్దాయనా. రాయి మీద గలీజుగా వస్తాదని తుడిచేసినా."

"దుమ్ము గాదు. అమ్మోరు పోసిన మచ్చలు."

అతని నవ్వు ఆగిపోయింది. "మాఫ్ చెయ్యి, పెద్దాయనా," అని, మొదటి బొమ్మను మళ్లీ తెరిచి పెద్దది చేశాడు. అయితే ఫొటో ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో ఉన్నది. నిజంగానే దాని మీద మరకలు కూడా ఉన్నాయి.

"ఏది మచ్చో, ఏది మరకో నువ్వే చెప్పాల."

తెర దగ్గరికి జరిగాను. కనుబొమ్మ పక్కది మచ్చ. ముక్కు మీద రెండూ మచ్చలే. అక్క నన్ను చంకనెత్తుకున్నప్పుడు వాటిలో వేలు పెట్టి ఆడేవాణ్ణట. కుడి చెంప దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. అక్కడ అయిదారు చుక్కలు. ఏవి అక్కవో నాకు తెలియలేదు.

అరవై ఏళ్లకు పైగా ఆ ముఖం ముందు కూర్చుని తిన్నాను. పలకలు కోసినంత కాలం వాటి మీద ఏం రాస్తారో ఎరగను. అక్క ముఖాన్నీ అలాగే చూసినట్టున్నాను.

సాయిబు నెమ్మదిగా అడిగాడు. "ఒక మాట, ఏమనుకోవాకు. ఆమె ఉంటే ఏమనేది? ఉంచమనేదా, తీసెయ్యమనేదా?"

పైట గుర్తొచ్చింది.

"తీసెయ్యమనేది."

"మరి?"

"ఉంచు. చెంప మీదివి గూడా అన్నీ ఉంచు."

అతను మచ్చలూ మరకలూ కలిపే బీఎంపీ చేశాడు.

రాయి నిలిపాము. ఏడాదికి వచ్చిన ఆడవాళ్లు చూసి, ఆమే లేచి వచ్చినట్టుంది అన్నారు. ఫొటోలో ఉన్నది భుజాల వరకే. పైట అడ్డం పెట్టుకోవడానికి ఆ రాతిలో మా అక్కకు చేతులు లేవు. అది తెలిసే మచ్చలు ఉంచమన్నాను.