దారం తెంపిన పొట్టేలు

మా ఇంట్లో ఏ సంగతైనా తేలకముందే సంబరపడితే ఎవరో ఒకరు "దారం తెగనియ్" అంటారు. మబ్బు పట్టినా అంతే, పరీక్ష రాసొచ్చి మనవరాలు ఎగిరినా అంతే. పరుగు పందెంలో గీత దగ్గర ఇద్దరు అడ్డంగా పట్టుకునే దారం అది. ఛాతీ తగిలి తెగేదాకా గెలుపు ఎవరిదీ కాదు. ఆ మాట మా ఇంటికి నా వల్లే వచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆవిర్భావ దినం నాడు, కోస్గి దగ్గరి మా ఊరి బడి మైదానంలో ముసలోళ్ళకు పరుగు పెట్టారు. నేనూ మా బామ్మర్దీ పందెం కాసుకున్నాం. అతను ఓడితే అతని కొత్త గొంగడి నాది. నేను ఓడితే నా గంట పొట్టేలు అతనిది. నేను పిలిస్తే అది వచ్చేది, దాని వెంట మంద వచ్చేది. అది పోతే నా మంద చెల్లాచెదురే.

ఇరవై మందిని వెనక్కి నెట్టి, చిరుతపులిలా ఉరికి దారం తెంపానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. నిజానికి ఉరికింది ముగ్గురం. మూడో ఆయన బీడీ ముట్టించుకోవడానికి మధ్యలో ఆగాడు. బామ్మర్ది నాకంటే పదడుగులు ముందున్నాడు.

పొట్టేలు పోతోందన్న భయంలో, మందను పిలిచేటప్పుడు నాలుక ఆడించి చేసే "ట్రుర్ర్" చప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. నలభై ఏళ్ళ అలవాటు మరి. మైదానం అంచున నా భార్య కాస్తున్న మంద మొత్తం కదిలింది. ముందు పొట్టేలు. నా వేగం దానికి సరిపోలేదేమో, నన్ను దాటి, బామ్మర్దిని పడదోసి, దారం తెంపి మెడకు చుట్టుకుని నిలబడింది.

"నువ్వు గెల్వలే బావా" అన్నాడు బామ్మర్ది, దుమ్ము దులుపుకుంటూ.

"నువ్వు గెల్చినవా?"

నా భార్య కట్టె పట్టుకుని వచ్చింది. "గెల్చింది పొట్టేలు. ఎవరెంట పోతదో దాన్నే అడుగు తమ్మీ."

బామ్మర్ది నాలాగే నాలుక ఆడించి పిలిచాడు. అది కదలలేదు.

"ఇగ నువ్వు పిల్వు బావా."

పిలవడానికి నాకు ఊపిరేదీ? అక్కడే కూలబడ్డాను. అది వచ్చి నా భుజం మీద మూతి పెట్టింది.

"గొంగడి మాత్రం ఇయ్య" అన్నాడు బామ్మర్ది.

"నువ్వే కప్పుకో" అన్నాను.

ఆ పొట్టేలు ముసలిదయ్యేదాకా నా మంద ముందే నడిచింది. దాని గంట ఇప్పుడు మా దర్వాజకు వేలాడుతోంది. నేను కథను చిరుతపులి దగ్గర ఎత్తుకున్నప్పుడల్లా నా భార్య ఆ గంటను ఒకసారి కదిలిస్తుంది.