సమాధి మీద తంగేడు

నాన్న పోయాక ఆయన సమాధి మీద ఏం పెంచాలో నాకు వెంటనే తట్టింది. నీళ్లు అడగకూడదు, మందు అడగకూడదు. తిరువూరులో మా సమాధుల దొడ్డికి బోరు లేదు, ఉన్న చేతిపంపు తుప్పు పట్టి కూర్చుంది. గులాబీ అంట్లు తెచ్చి పాతినవాళ్లు వేసవికల్లా పుల్లలు పీక్కున్నారు. నేను తంగేడు పెట్టాను.

ఎ.కొండూరు దగ్గర బడిలో టీచర్ని నేను. బస్సు దిగి నడిచే దారి పొడుగునా గరప నేలలో తంగేడు పొదలే. ఎవరూ నీళ్లు పోయరు, మేకలు కూడా మూతి పెట్టవు, అయినా విరగబూస్తుంది. ఎండిన కాయలు తెచ్చి, గింజల్ని గరుకు రాయి మీద అరగదీసి, నానబెట్టి, తొలకరికి సమాధి చుట్టూ గుచ్చాను. మొదటి ఏడు జానెడు ఎదిగాయి. రెండో ఏడు పసుపుముద్దల్లా పూశాయి. పూతతోపాటే తుమ్మెదలు వచ్చాయి. పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరేలా రొద చేసి పుప్పొడి దులుపుకునేవి. వాటి వెనకే తేనెటీగలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ రొద వింటూ కూర్చునేదాన్ని. నాన్న తరఫున వాటికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఉండేది.

నాన్న గంపలగూడెం వైపు పత్తి చేలల్లో మందు కొట్టే కూలీ. ఎంత ఎండలోనైనా కాదనడు కాబట్టి అందరికీ ఆయనే కావాలి. వీపున తన సొంత మందు ట్యాంకు, ముక్కుకి తువ్వాలు, అంతే రక్షణ. ఆయన చొక్కా అమ్మ విడిగా ఉతికేది, అయినా ఆ వాసన పోయేది కాదు. "పురుగు సంగతేమో గానీ, తేనెటీగలు మాత్రం సాళ్లల్లో రాలిపోతన్నాయే. పూత మీద కొట్టొద్దండీ అంటే ఇంటారా" అనేవాడు అన్నం కలుపుకుంటూ. మర్నాడు మళ్లీ ట్యాంకు తగిలించుకునేవాడు. తినాలి కదా.

ఒక మధ్యాహ్నం సాళ్ల మధ్యే పడిపోయాడు. రైతు పరుగెత్తుకొచ్చాడట. ముందు ఆయన వీపు మీది ట్యాంకు విప్పి, మిగిలిన మందు ఒలికిపోకుండా గట్టు మీద నిలబెట్టి, ఆ తర్వాత మనిషిని లేపాడట. ఈ మాట పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు చెప్పారు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. ట్యాంకును మాత్రం రైతు జాగ్రత్తగా మా ఇంటికి పంపించాడు.

మా వాళ్లకి సమాధుల పండుగంటే పెద్ద పరువు. ఆ రోజుకి గడ్డి చెక్కించాలి, సున్నం వేయించాలి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించాలి. ఎవరి సమాధి మెరుస్తోందో, ఎవరిది పాడుబడిందో చూసి మరీ వెళతారు చుట్టాలు. బతికున్నప్పుడు ఒక్క మంచి చొక్కా ఎరగనివాళ్లకి కూడా ఆ ఒక్కరోజు తెల్లగా ఉండే భాగ్యం. మా తమ్ముడు షేర్ ఆటో నడుపుతాడు. "మనదొక్కటే చిట్టడివిలా ఉందక్కా, నలుగురూ నవ్వుతున్నారు" అని రెండేళ్లు గొణిగాడు. నవ్వనీరా అన్నాను. వాడు ఒప్పుకున్నాడనుకున్నాను.

ఈసారి పండుగ సాయంత్రం కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లాను. సమాధి తెల్లగా మెరిసిపోతోంది. చుట్టూ నా తంగేళ్లు నిలబడ్డచోటే మాడిపోయి ఉన్నాయి. ఆకు పట్టుకుంటే పొడి అయింది. మా మరదలు తలవైపు ప్లాస్టిక్ గులాబీలు గుచ్చింది. ఎక్కడినుంచో ఒక తుమ్మెద వచ్చి ఎండు కొమ్మ చుట్టూ తిరిగి, ఆ గులాబీ మీద వాలి, కాసేపు వెతుక్కుని పోయింది.

"గడ్డి మందు కొట్టావా?" అన్నాను.

"నాలుగు రోజులైందక్కా. ఏర్లతో సహా పోయినాయి చూడు," అన్నాడు తమ్ముడు. మొహం వెలిగిపోతోంది. "నాన్న ట్యాంకుతోనే కొట్టాను. శుభ్రంగా కడిగి దాచిపెట్టానుగా, ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తంది. ఉంటే చూసి మురిసిపోయేవోడు."

"ఒకసారి చంపింది చాల్లేదంట్రా దానికి?" అన్నాను.

వాడి మొహం పాలిపోయింది. వాడికి నాన్నంటే ప్రాణం, ఆ సంగతి నాకు తెలుసు. అయినా జాలి కలగలేదు. ఇంకా గట్టిగా తగిలే మాటేమైనా ఉందా అని వెతుక్కున్నాను. అంతలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. పక్క సమాధి దగ్గరివాళ్లు మా వైపు చూసి, ఈ ఏడు మీది చాలా బాగుందండీ అన్నారు.

కొవ్వొత్తి గుచ్చడానికి వంగాను. మట్టిలోంచి నాన్న చొక్కా వాసన వచ్చింది.